గుర్తు

సండర్లండ్‌లో, ఆసుపత్రి వెనక, బాయిలర్ గది పక్కన
రాత్రి పదింటికి మొదలవుతుంది మా రేవు.
ఏరు లేదు, బండ లేదు.
గుండ్రటి గాజుకళ్ల వెనక
ఊరి జబ్బులన్నీ గిరగిరా తిరుగుతుంటాయి.

మొదటి రోజు దుప్పటి ఒక్కదాన్నే మడవబోయాను.
మోరీన్ వచ్చి రెండో కొస పట్టుకుంది.
"దీనికి ఇద్దరు కావాలి, పెట్.
నువ్విటు నడు, నేనటు నడుస్తా.
మధ్యలో ఎక్కడో మడత పడుతుంది."
అంతకు మించి ఆమె నాకేమీ బోధించలేదు.
బోధించే మనిషి కాదు.
అరవై మూడేళ్లు, అరిగిన మోకాళ్లు,
చిప్స్ మునిగేంత వెనిగర్.
ఫుట్‌బాల్ ఓడిన రాత్రి గోడతో కూడా మాట్లాడదు.

మరక కనబడితే నేను మొహం తిప్పుకునేదాన్ని.
ఆమె దగ్గరగా చూసి నీళ్లు ఎంత వేడి ఉండాలో చెప్పేది.
రక్తానికి చన్నీళ్లే. ముందే వేడి తగిలిందా,
ఇక పట్టుకుని కూర్చుంటుంది.
కోపమూ అంతే కదా అని నేననుకున్నాను.
ఆమె మాట్లాడింది రక్తం గురించే.

మడతల్లో దొరికినవన్నీ బిస్కెట్ల డబ్బాలో దాస్తుంది:
వినికిడి మిషను, కట్టుడుపళ్ల పై వరస,
సగం చప్పరించిన పిప్పరమెంటు.
"అదైనా పారెయ్యొచ్చుగా" అన్నాను.
కాసేపు ఆలోచించి, పారేసింది.
పళ్లకు మాత్రం తేదీ రాసి చీటీ కట్టింది.
వారానికి ఒకామె వచ్చింది వాటికోసం.
తండ్రి పోయాడట. పెట్టెలో పడుకున్నప్పుడు
బుగ్గలు లోపలికి పోకూడదంది.
మోరీన్ వాటిని కడిగి, తుడిచి,
ఉతికిన గుడ్డలో చుట్టి, రెండు చేతులతో ఇచ్చింది.
నేను ఎవరికైనా ఏదైనా రెండు చేతులతో ఇచ్చి
ఎన్నేళ్లయిందో.

ఒక రాత్రి, రెండున్నర టీకి,
ఎరిత్రియా కుర్రాడు టెస్ఫాలెం ఊరికే అడిగాడు,
ఈ పనిలోకి ఎలా వచ్చావని.
"మా అమ్మ ఇక్కడే. ఆమె అమ్మ
ఓడ కెప్టెన్ల చొక్కాలు ఉతికేది" అంటూ మోరీన్
వంకర తిరిగిన వేళ్లు దీపం కిందికి చాపింది,
వంకీలూ గాజులూ చూపించినట్టు.
"ఇవి అచ్చం మా అమ్మవి." తర్వాత, నా వైపు తిరిగి,
"మీవాళ్లేం చేసేవారు?"

నోట్లో పాత అబద్ధం సిద్ధంగానే ఉంది.
బడిలో, హాస్టల్లో, పెళ్లిచూపుల్లో
వాడి వాడి అంచులు అరిగిన ఒక్క మాట:
వ్యవసాయం.
మా నాన్న నేర్పిందే. తప్పుపట్టను.
వీపు మీంచి మూట దిగాక కూడా
ఆయన్ని ఊరు మూటతోనే పిలిచింది.

ఆ క్షణాన డ్రయ్యర్ ఆగింది. ఒట్టి నిశ్శబ్దం.
"మా నాయనమ్మ" అన్నాను. గొంతు నాది కాదనిపించింది.
"నాగావళి రేవులో. చవుడుమన్ను, బాన, ఉబ్బ.
పేరు పైడమ్మ. అక్షరం ముక్క రాదు.
నూట నలభై ఇళ్ల బట్టలకు
నల్లజీడి రసంతో నూట నలభై గుర్తులు:
చుక్క, చుక్క పక్కన గీత, కాకికాలు, గాలం.
ఒక గడప పంచె ఇంకో గడపకు వెళ్లలేదెన్నడూ.
ఆ గడపలు ఆమె మాత్రం దాటలేదు."

మోరీన్ అయ్యో అనలేదు.
"నూట నలభై! ఎక్కడా రాసుకోకుండా?"
సన్నగా ఈల వేసింది.
టెస్ఫాలెం తన చేతిలోని బార్‌కోడ్ మిషను వైపు
చులకనగా చూశాడు.
"మరి మీ సొంత బట్టలకు ఏ గుర్తు?"
ఆమే అడిగింది.
నాకు తెలియదు. ఇన్నేళ్లలో తోచనే లేదు.

తెల్లారి, బస్ స్టాపులో, సముద్రపు గాలికి వణుకుతూ
గాజువాకకు ఫోన్ చేశాను.
అడిగింది విని నాన్న చాలాసేపు పలకలేదు.
"గుర్తు లేదమ్మా."
మరిచిపోయాడేమో, మరిచిపోవాలనుకున్నాడేమో,
సరే, పెట్టేస్తాననబోయాను.
"అది కాదు. మనవాటికి గుర్తు లేదు.
అన్నీ పంచగా ఏ గుర్తూ లేకుండా మిగిలినవి మనవి."

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది.
నేనడక్కుండానే ఆయన
కాకికాలు ఎవరిదో చెప్పడం మొదలుపెట్టాడు.